సిమెంటు పలకలో రాళ్ళ చిత్తరువు

ఇంటిలో తడికి, వేడికి, మరకలకు, రోజువారీ రాపిడికి అన్నిటికంటే ఎక్కువగా గురయ్యే చోటు వంటగట్టు. మేస్త్రీలు ప్లాట్‌ఫారం అని పిలిచే ఈ గట్టు మీద తెలుగువారి ఇళ్ళలో ఎన్నో ఏళ్ళు కడప బండ ఉండేది. తరువాత ఆ చోటును గ్రానైటు ఆక్రమించింది. ఈ రెండూ గని నుంచి పలకలుగా వస్తే కొలతకు కోయించి పరిచేవే. వీటికి భిన్నంగా, ఇంటి కొలతకు తగిన అచ్చు కట్టి, అందులో కాంక్రీటు పోసి, రంగురాళ్ళ ముక్కలను చిత్తరువుగా పొదిగి, గట్టిపడిన తరువాత సానబట్టి నునుపు తేల్చే పద్ధతి ఒకటి ఉంది. ఈ ప్రసంగం ఆ పనితనం గురించినది. అలంకరణ ఒకటి, దారుఢ్యం మరొకటి అన్న విభజన ఈ పనిలో చెల్లదన్నది మొదటే చెప్పుకోవలసిన మాట. ఏ రాయిని ఎంచుకోవాలి, దానిని ఎక్కడ పెట్టాలి, ఎంత లోతున దించాలి అన్న ప్రతి నిర్ణయమూ పలక అందంతో పాటు దాని ఆయుష్షును కూడా తేలుస్తుంది.

సున్నపు అడుసులో రాతి ముక్కలు అమర్చి బొమ్మ తేల్చే విద్య చాలా పాతది. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దానికి చెందిన రోమన్ వాస్తు గ్రంథకర్త విట్రూవియస్, తన గ్రంథం ఏడవ భాగంలో, నేల అలంకరణకు ముందు వేయవలసిన పొరలను వరుసగా వివరించాడు: అడుగున చేతికి నిండుగా పట్టే రాళ్ళు, వాటి మీద సున్నం కలిపి దిమ్మిసా కొట్టిన రాతి ముక్కలు, ఆ పైన మూడు పాళ్ళ పెంకుల పొడికి ఒక పాలు సున్నం చొప్పున కలిపిన పొర, ఆ తరువాతే పైకి కనబడే రాళ్ళు. చూసేవారి కంట పడని పొరలకు ఆయన అంత చోటు ఇవ్వడం గమనించదగినది. అనంతర కాలంలో ఇటలీలోని వెనిస్ నగరంలో, చలువరాతి పనిలో మిగిలిపోయిన ముక్కలను సున్నపు అడుసులో చల్లి, అదిమి, అరగదీసి నేలలు తయారు చేసే పద్ధతి స్థిరపడింది. టెరాజో అనే ఆ పద్ధతే సిమెంటు వచ్చిన తరువాత దేశదేశాలకు పాకి, తెలుగు పట్టణాలలో మొజాయిక్ గచ్చుగా పరిచయమైంది.

భారతదేశంలో రాయిని పొదిగే కళ మరొక దారిలో ఎదిగింది. ఆగ్రాలో 1622కూ 1628కీ మధ్య కట్టిన ఇతిమాదుద్దౌలా సమాధి మీద, ఆ తరువాత తాజ్‌మహల్ మీద కనిపించే పర్చిన్‌కారీ పనిలో, తెల్లని చలువరాతిని పువ్వు రేకు ఆకారానికి సరిగ్గా తొలిచి, అదే ఆకారానికి అరగదీసిన రంగురాతిని ఆ గూటిలో కూర్చి అతికించారు. హైదరాబాదులోని బాద్షాహీ ఆషుర్ఖానా గోడల మీద 17వ శతాబ్దం తొలినాళ్ళలో చేసిన అలంకరణలో, మెరుగు పెట్టిన రంగు పెంకులను ఆకారాలుగా కోసి, ఒకదాని పక్కన ఒకటి చేర్చి, గోడ నిండుగా చిత్రాలు తేల్చారు. కాంక్రీటులో రాళ్ళు పొదగడం ఈ రెండింటికీ భిన్నమైనది. ఇక్కడ రాయి కోసం గూడు తొలిచే పని లేదు. ముద్దగా ఉన్న కాంక్రీటే రాయి చుట్టూ పారి, బిగిసి, దానికి గూడు అవుతుంది. పనిని సులభం చేసేదీ, జాగ్రత్త తప్పితే చెడగొట్టేదీ ఈ గుణమే.

ఇంగ్లండులోని లీడ్స్‌కు చెందిన తాపీ పనివాడు జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. ఆ పేరుతో మొదలైన పదార్థం ప్రధానంగా పునాదులకు, వంతెనలకు, ఆనకట్టలకు పనికి వచ్చేదిగానే పేరు తెచ్చుకుంది. దానిని వంటింటి లోపలికి కంటికి ఇంపైన వస్తువుగా తెచ్చినవారిలో, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం బర్క్‌లీ నగరానికి చెందిన డిజైనర్ ఫూ తుంగ్ చెంగ్ ముఖ్యుడు. 1980ల మధ్య నుంచి ఆయన కాంక్రీటు వంటగట్లు పోసి, వాటిలో రాళ్ళను, లోహపు ముక్కలను పొదిగాడు. ఆ అనుభవం ఆధారంగా 2002లో ఆయన వెలువరించిన పుస్తకం, ఇంటిలోనే ఈ పనికి పూనుకునే వారికి మార్గదర్శి అయింది.

ఇక రాళ్ళ ఎంపిక. ఈ విషయంలో తెలుగు నేల సంపన్నమైనది. కడప ప్రాంతపు నల్లని సున్నపురాయి, తాండూరులో దొరికే నీలి, పసుపు ఛాయల బండ, బేతంచెర్ల పరిసరాలలో కోసే సున్నపురాతి పలకలు, మార్కాపురం పలకరాయి, బంగారు చుక్కలు పొదిగినట్టు మెరిసే చీమకుర్తి నల్ల గ్రానైటు, కరీంనగర్ గోధుమ రంగు గ్రానైటు, ఎక్కడ చూసినా కనిపించే తెల్లని పలుగురాయి, ఇవన్నీ చిత్తరువుకు తగిన రంగులే. అయితే రంగును మాత్రమే చూసి రాళ్ళను కలిపితే సానబట్టే రోజున చిక్కు వస్తుంది. 1812లో జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్, ఏ ఖనిజం దేనిని గీరగలదు అన్న ఆధారంతో 1 నుంచి 10 వరకు ఒక కాఠిన్య క్రమాన్ని ఏర్పరచాడు. ఆ క్రమంలో చలువరాయి, కడప బండ, తాండూరు బండ వంటి సున్నపు జాతి రాళ్ళు 3 దగ్గర ఉంటే, గ్రానైటు 6కూ 7కూ మధ్య, పలుగురాయి 7 దగ్గర నిలుస్తాయి. మెత్తని రాతిని, కఠినమైన రాతిని పక్కపక్కన పెట్టి ఒకే యంత్రంతో అరగదీస్తే మెత్తనిది ముందుగా అరిగి గుంటపడుతుంది, కఠినమైనది గుబ్బలా పైకి తేలుతుంది. ఆ తేడా కంటికి అందకపోయినా వేలితో తడిమితే తెలుస్తుంది, తుడుపు గుడ్డకు అందని మురికి ఆ అంచులలోనే చేరుతుంది. అందువల్ల ఒక చిత్తరువులో వాడే రాళ్ళన్నీ ఇంచుమించు ఒకే కాఠిన్యం గలవై ఉండటం మంచిది.

రాయి ఏ జాతిదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. పాలిష్ చేసిన ముక్క మీద ఇనుప మేకుతో గట్టిగా గీస్తే సున్నపురాతి మీద చెరగని గీత పడుతుంది, గ్రానైటు మీద మేకు తన లోహపు చారను మాత్రమే వదులుతుంది, ఆ చార తుడిస్తే పోతుంది. మరొక ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి పావుగంట తరువాత కడిగి, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే, సున్నపురాతి మీద చుక్క పడిన మేరకు మెరుపు పోయి మసక కనబడుతుంది. చింతపండు, నిమ్మ, టమాటా, పెరుగు నిత్యం వాడే తెలుగు వంటింటికి ఈ రెండవ పరీక్ష చాలా ముఖ్యమైనది. కడప బండ మీద పులుసు ఒలికిన చోట మచ్చ పడటానికి కారణం ఇదే: పులుపులోని ఆమ్లం సున్నపు పదార్థాన్ని కరిగిస్తుంది. గ్రానైటు, పలుగురాయి ఆ పులుపుకు లొంగవు.

రాళ్ళు ఎంచుకున్న తరువాత అచ్చు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళంనర మందం గల కాంక్రీటు పలక దాదాపు 100 కిలోలు తూగుతుంది కాబట్టి, కింద ఉండే గోడలు, చట్రం ఆ బరువుకు తగినవేనా అన్నది ముందే సరిచూడాలి. అచ్చును నునుపైన పూత గల ప్లైవుడ్‌తో కట్టి, రసమట్టం పెట్టి నాలుగు వైపులా సమంగా నిలిపి, మూలల సందులను సిలికాన్‌తో మూస్తారు. ఆ సిలికాన్‌ను వేలితో గుండ్రంగా తీర్చితే రేపటి పలక అంచు కూడా గుండ్రంగానే వస్తుంది. రాళ్ళు పొదగడానికి మూడు పద్ధతులున్నాయి. మొదటిది బోర్లా పోత: అచ్చు అడుగున రాళ్ళ ముఖాలను కిందికి పెట్టి, నీటికి కరిగే బంకతో నిలిపి, వాటి మీద కాంక్రీటు పోస్తారు. ఈ పద్ధతిలో బొమ్మను ఎడమ కుడులు తారుమారు చేసి పరచకపోతే, పలకను తిప్పిన రోజున పూలతీగ అటుది ఇటు అవుతుంది. రెండవది, మొజాయిక్ గచ్చు పనిలో వలె, పోసిన కాంక్రీటు పచ్చిగా ఉండగానే పై నుంచి రాళ్ళను అదమడం. మూడవది, చిత్తరువు చోటును రబ్బరు దిమ్మతో ఖాళీగా విడిచి, పలక గట్టిపడిన తరువాత ఆ గూటిలో రాళ్ళను అమర్చి, సందులను గ్రౌట్‌తో, అంటే మెత్తని సిమెంటు పూరకంతో నింపడం. చిన్న ముక్కలతో నిండుగా ఉండే బొమ్మలకు మూడవ పద్ధతి మేలు, ఎందుకంటే పోత ఒత్తిడికి ముక్కలు కదిలే భయం ఇందులో ఉండదు.

కాంక్రీటు మిశ్రమంలో ప్రాణమంతా నీటి కొలతలో ఉంది. సిమెంటు ఎండి గట్టిపడదు. నీటితో రసాయనికంగా కలిసి కొత్త పదార్థాలుగా మారి గట్టిపడుతుంది. ఆ కలయికకు అవసరమైన దానికంటే ఎక్కువగా పోసిన నీరు తరువాత ఆవిరై పోతూ సన్నని రంధ్రాలను వదులుతుంది, పలకను కుదింపజేస్తుంది, బీటలకు దారి తీస్తుంది. ఇటువంటి పలకకు 50 కిలోల సిమెంటు బస్తాకు 20 లీటర్ల నీరు తగిన కొలత. ఇసుకలో ఉన్న తడి కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఆ కొలతలో ముద్ద బిరుసుగా ఉంటుంది గనుక, చేతికి జారుడుగా రావాలని మరికొన్ని లీటర్లు పోయడం పనిచోట్ల సర్వసాధారణం. ఆ అలవాటుకు బదులుగా, సూపర్ ప్లాస్టిసైజర్ అనే ద్రవాన్ని కొద్దిగా కలిపితే, అది సిమెంటు రేణువులు గడ్డకట్టకుండా విడదీసి, నీరు పెంచకుండానే ముద్దను పారేటట్టు చేస్తుంది. కంకర పరిమాణం పలక మందంలో నాలుగో వంతుకు మించకూడదు, అంటే 40 మిల్లీమీటర్ల పలకకు 10 మిల్లీమీటర్ల చిప్స్ మాత్రమే వాడాలి. రంగు కావలసినప్పుడు ఎండకు, సిమెంటులోని క్షారానికి చెక్కుచెదరని ఇనుప ఆక్సైడు రంగులనే, సిమెంటు బరువులో పదో వంతుకు మించకుండా కలపాలి.

కాంక్రీటు అణచే బలాన్ని బాగా తట్టుకుంటుంది, లాగే బలానికి తొందరగా లొంగుతుంది. రెండవ శక్తి మొదటి దానిలో దాదాపు పదో వంతే. అందుకే పలకలో సన్నని ఇనుప కడ్డీలను గానీ, జిర్కోనియా అనే ఆక్సైడు కలిపి క్షారాన్ని తట్టుకునేటట్టు తయారు చేసిన గాజు పోగులను గానీ వేస్తారు. సింకు కోసం విడిచిన ఖాళీ మూలలలోనే మొదటి బీట పుడుతుంది. ఆ మూలలను పదునుగా కాక గుండ్రంగా తీర్చి, మూలకు అడ్డంగా ఏటవాలుగా ఒక కడ్డీ ముక్క వేయడం అనుభవజ్ఞులు పాటించే జాగ్రత్త. చిత్తరువును కూడా ఆ మూలలకు దూరంగా ఉంచాలి. రాళ్ళు దట్టంగా ఉన్న చోట పైపొరలో కాంక్రీటు పాలు తగ్గుతుంది గనుక, బలహీనమైన చోటనే అలంకరణ పెట్టడం బీటను పిలిచి కూర్చోబెట్టడమే అవుతుంది.

రాయికీ కాంక్రీటుకూ మధ్య పట్టు దానంతట అది కుదరదు. కోసిన రాతి మీద మిగిలిన సన్నని పొడి ఒక పొరలా అడ్డుపడుతుంది, కాబట్టి ప్రతి ముక్కనూ బ్రష్‌తో రుద్ది కడగాలి. పొడిగా ఉన్న సున్నపురాయి తన చుట్టూ ఉన్న ముద్దలోని నీటిని పీల్చుకుని, సరిగ్గా పట్టు కావలసిన చోటనే సిమెంటుకు నీరు లేకుండా చేస్తుంది; అందువల్ల రాళ్ళను నీటిలో నానబెట్టి, పైతడి మాత్రం గుడ్డతో ఒత్తి వాడతారు. అడుగు వైపు నునుపుగా ఉంటే గంట్లు పెడతారు. పంటిని చిగురు పట్టినట్టు రాయిని కాంక్రీటు పట్టాలి, అంటే రాతి మందంలో సగానికి పైగా లోపల ఉండాలి, వీలైతే రాయి కింది వైపుకు కొద్దిగా వెడల్పు కావాలి. చిన్న ముక్కల చిత్తరువును ముందుగా కాగితం మీద బోర్లా అతికించి, ఒక్కసారిగా అడుసులో అమర్చి, గట్టిపడిన తరువాత కాగితాన్ని తడిపి ఊడదీసే పద్ధతిని, ఇటలీలోని ఫ్రియులి ప్రాంతానికి చెందిన జాన్ దొమెనికో ఫక్కినా 19వ శతాబ్దంలో పారిస్ ఒపేరా భవనం పనిలో పెద్ద ఎత్తున వాడి ప్రచారంలోకి తెచ్చాడు. ఇంటి వంటగట్టుకు కూడా ఆ పద్ధతి చక్కగా సరిపోతుంది.

రంగు గాజు ముక్కలు, పగిలిన గాజు గాజులు అందంగా కనబడతాయి గనుక వాటిని కలపాలని చాలామందికి అనిపిస్తుంది. ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. సిమెంటులోని క్షారం, గాజులో, చెకుముకి రాతిలో ఉండే ఒక రకమైన సిలికాతో చర్య జరిపి జిగురు వంటి పదార్థాన్ని పుట్టిస్తుంది. ఆ జిగురు తడిని పీల్చి ఉబ్బుతూ, లోపలి నుంచి కాంక్రీటును చీలుస్తుంది. క్షార సిలికా చర్య అనే ఈ దోషాన్ని 1940లో అమెరికన్ ఇంజనీరు థామస్ స్టాంటన్ కాలిఫోర్నియాలోని కట్టడాలను పరిశీలించి వెల్లడించాడు. ఇది నెమ్మదిగా సాగేది, పలక అమర్చిన చాలాకాలం తరువాత గానీ బయటపడనిది. సిమెంటులో కొంత భాగానికి బదులు థర్మల్ విద్యుత్ కేంద్రాల ఫ్లై యాష్‌ను కలిపితే అది క్షారాన్ని ముందుగానే పట్టుకుని దోషాన్ని చాలావరకు అణచుతుంది. గాజు తప్పనిసరి అనుకున్న వారు ఈ ఏర్పాటు లేకుండా పని మొదలుపెట్టకూడదు.

పోత తరువాతి దశ క్యూరింగ్, అంటే పలకను తడి ఆరకుండా కాపాడుతూ సిమెంటు చర్యను సాగనివ్వడం. భారత ప్రమాణాల సంస్థ నియమావళి సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లై యాష్ వంటివి కలిపిన దానికి కనీసం 10 రోజులు తడి ఉంచాలని చెబుతుంది. రాయలసీమ ఎండలో, వడగాలిలో పోసిన పలక మీద మొదటి కొన్ని గంటలలోనే నెర్రెలు కనబడవచ్చు, కాబట్టి నీడపట్టున పోసి, వెంటనే తడి గోనె పట్టాలు కప్పి, పైన ప్లాస్టిక్ షీటు పరచాలి. పైభాగం ఆరి అడుగు తడిగా ఉంటే పలక అంచులు పైకి లేస్తాయి; రెండు వైపులా సమంగా తడి ఉండేటట్టు చూడటమే దానికి మందు.

సానబట్టడంతో చిత్తరువు బయటపడుతుంది. అచ్చు విప్పిన పలక మీద రాళ్ళను సిమెంటు పాలు కప్పేసి ఉంటాయి గనుక మొదట అది బూడిద రంగు పలకగానే కనిపిస్తుంది. నీటి ధార కింద 50 నంబరు డైమండ్ ప్యాడ్‌తో మొదలుపెట్టి, 100, 200, 400, 800, 1500 అంటూ క్రమంగా మెత్తని ప్యాడ్‌లకు వెళ్ళాలి. నంబరు పెరిగే కొద్దీ రాపిడి గరుకు తగ్గుతుంది, ప్రతి ప్యాడ్ తన ముందు ప్యాడ్ వదిలిన గీతలను మాత్రమే చెరపగలదు. తొందరపడి నడుమ ఒక నంబరు దాటవేస్తే, ఆ గీతలు చివరి మెరుపులో మరింత స్పష్టంగా కనబడతాయి. మొదటి ప్యాడ్ తరువాత పలకను కడిగి చూస్తే గుండు సూది తలంత రంధ్రాలు అనేకం తేలతాయి. అదే రంగు సిమెంటు ముద్దను వాటిలోకి రుద్ది, రెండు రోజులు గట్టిపడనిచ్చి తిరిగి సానబడతారు. మరీ ముందుగా సానబడితే రాళ్ళు పెకలి వస్తాయి, మరీ ఆలస్యమైతే కాంక్రీటు ఇనుములా ఎదురు తిరుగుతుంది.

సానబట్టిన పలక ఎంత నునుపుగా ఉన్నా నీటిని పీలుస్తుంది, పులుపుకు లొంగుతుంది. అందువల్ల సీలర్ అనే రక్షణ పూత అవసరం. లోపలికి ఇంకే రకం సీలర్లు రంధ్రాలలో నీరు, నూనె చేరకుండా అడ్డుకుంటాయి, పలక సహజ రూపాన్ని మార్చవు, కానీ ఆమ్లాన్ని పూర్తిగా ఆపలేవు. పైన పొరగా నిలిచే ఎపాక్సీ, యురేథేన్ పూతలు పులుపును, పసుపు మరకను బాగా ఆపుతాయి, కానీ వేడి గిన్నెకు, కత్తి గీతకు దెబ్బతింటాయి. అన్ని గుణాలూ ఉన్న పూత లేదు కాబట్టి, ఇంటివారి వంట అలవాట్లను బట్టి ఎంచుకుని, వేడి గిన్నెల కింద కుదురు పెట్టడం, ఒలికిన పులుసును వెంటనే తుడవడం అలవరచుకోవాలి. కొత్త పలక మీద కనిపించే తెల్లని పొడి బూజు కాదు. లోపలి సున్నం తడితో పైకి వచ్చి, గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి ఏర్పడే పొర. తడి పూర్తిగా ఆరనిచ్చి, ఆ పొరను తొలగించిన తరువాతే సీలర్ వేయాలి.

పని చేసేవారి ఆరోగ్యాన్ని విడిచి ఈ పని అందాన్ని మెచ్చుకోవడం న్యాయం కాదు. పచ్చి కాంక్రీటు తీవ్రమైన క్షారం. గంటల తరబడి చేతులకు అంటి ఉంటే చర్మాన్ని కాలుస్తుంది, కాబట్టి రబ్బరు తొడుగులు తప్పనిసరి. పొడిగా రాయి కోసినప్పుడు లేచే కంటికి కనబడని సిలికా ధూళి ఊపిరితిత్తుల అడుగుకు చేరి, నయం కాని సిలికోసిస్ వ్యాధిని తెచ్చిపెడుతుంది. నీటి ధార కిందనే కోయడం, సానబట్టడం, దానితో పాటు తగిన మాస్కు ధరించడం పనివాడి ఇష్టానికి విడిచిపెట్టవలసినవి కావు; వాటి ఖర్చు పని ఇచ్చేవారి లెక్కలో ఉండాలి.

తెలుగు నేలకు ఈ పనితో గట్టి సంబంధం ఉంది. మొజాయిక్ గచ్చులు వేసిన తాపీ మేస్త్రీలకు చిప్స్ పరచడం, అదమడం, యంత్రంతో అరగదీయడం, రంధ్రాలు పూడ్చడం కొత్త విద్యలు కావు. విట్రిఫైడ్ టైల్స్ వచ్చి ఆ గిరాకీ పడిపోవడంతో వారి చేతిలోని నేర్పుకు పని తగ్గింది. మరొక వైపు రాతి గనుల దగ్గర, పాలిష్ యూనిట్ల దగ్గర కోతలో మిగిలిన ముక్కలు గుట్టలుగా పోగుపడతాయి, చిత్తరువుకు కావలసిన రాయి చాలావరకు ఆ గుట్టలలోనే దొరుకుతుంది. ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు తమ తాపీ పని శిక్షణలో ఈ పద్ధతిని చేర్చి, పాత మేస్త్రీలను బోధకులుగా పిలిస్తే, ఆ నేర్పు ఒక తరంతో ఆగిపోకుండా ఉంటుంది.

ఇటువంటి వంటగట్టు చేయించుకోదలచిన వారు పని అప్పగించే ముందు ఒక అడుగు చదరపు నమూనా పలకను, అవే రాళ్ళతో, అదే మిశ్రమంతో, అదే సీలర్‌తో చేయించి, దాని మీద నిమ్మరసం, నూనె, పసుపు ఒక రాత్రంతా ఉంచి చూడటం ఉత్తమం. నమూనాకు అయ్యే ఖర్చు స్వల్పం, అది చెప్పే నిజం మాత్రం ఏ మాటల హామీ కంటే నమ్మదగినది. నీటి కొలత తప్పని మేస్త్రీ, క్యూరింగ్ రోజులను కుదించమని ఒత్తిడి చేయని యజమాని కలిసినప్పుడు, పారేసిన రాతి ముక్కలతో చేసిన ఆ పలక ఇంటిలో తరతరాలకు పనికి వస్తుంది.